నేల తాకని ఊడ

మైనస్ 18.9 ఫెర్మీలు.

ఈ సంఖ్యను నేను ఏళ్ళ తరబడి చదువుతున్నాను. కంఠస్థమైపోయిన పద్యాన్ని తోచినప్పుడల్లా మళ్ళీ నోట్లో నానబెట్టుకున్నట్టు చదువుతున్నాను. రెండు న్యూట్రాన్లు ఎదురుపడితే వాటి నడుమ కేంద్రక బలం ఏం చేస్తుందో చెప్పే కొలతల్లో ఇది మొదటిది. ఫెర్మీ అంటే మిల్లీమీటరును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. న్యూట్రాన్ అడ్డుకొలత రెండు ఫెర్మీలకు కాస్త తక్కువే. మరి ఈ పంతొమ్మిదికి దగ్గరి అంకె ఎక్కడి నుంచి వచ్చింది? అసలు ఆ మైనస్ ఏమిటి? పొడవుకు ఋణ గుర్తు ఎక్కడైనా ఉంటుందా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు తెలిసిన రోజు నాకు కలిగినదాన్ని జ్ఞానం అనబుద్ధి కాదు, ఆనందం అనే అనాలనిపిస్తుంది. దాన్ని చెప్పడానికి మన అలంకారికుల మాటలే నాకు అందుబాటులో ఉన్నాయి. వాటినే అరువు తెచ్చుకుంటాను.

మాది దొంతన్‌పల్లి. శంకర్‌పల్లి దారిలో, ఇక్ఫాయ్ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు అంటే నగరంలో వాళ్ళు గుర్తుపడతారు. ఆదివారం సాయంత్రాలు మా ఇంటి అరుగు మీద ఇంటర్ చదివే పిల్లలు కొందరు ఫిజిక్స్ చెప్పించుకోవడానికి కూర్చుంటారు. పోయిన చలికాలం ఒక అమ్మాయి అడిగింది: “సార్, ప్రోటాన్లకంటే ఛార్జ్ ఉంటది, కొట్టుకుంటయ్. న్యూట్రాన్లకు ఏం లేదు గదా. మరి పక్కన ఇంకోటి ఉన్నదని దానికి ఎట్ల తెలుస్తది?”

నేను కాసేపు జవాబు చెప్పలేదు. ఆ వాక్యాన్నే తలచుకుంటూ కూర్చున్నాను. ఒక వస్తువుకు పక్కన మరొకటి ఉన్నదని తెలియడమే బలం. ఇంతకన్నా మంచి నిర్వచనం నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ కనబడలేదు.

నిజమే, న్యూట్రాన్ నిరుపేద. ఆవేశం లేదు. కొద్దిపాటి అయస్కాంత గుణం ఉంది కానీ, కేంద్రక బలం ముందు అది వెన్నెల్లో దీపం. గురుత్వాకర్షణ ఉంది కానీ, రెండే న్యూట్రాన్ల మధ్య దాని వంతు ఎంతంటే, కేంద్రక బలం పక్కన పెట్టి పోల్చడానికి ఒకటి తర్వాత ముప్పైకి పైగా సున్నాలు వేయాలి. అంచేత ఐదారు ఫెర్మీల దూరంలో ఉన్న రెండు న్యూట్రాన్లు ఒకే వీధిలో నడుస్తూ పరిచయం లేని ఇద్దరు మనుషులు. ఈ పేదరికమే నన్ను కట్టిపడేస్తుంది. రెండు ప్రోటాన్ల మధ్య విద్యుత్ వికర్షణ శ్రుతిపెట్టెలా నిరంతరం మోగుతూ ఉంటుంది, దాని మీదుగా కేంద్రక బలాన్ని వినాలి. న్యూట్రాన్ల జంటలో పక్కవాద్యం లేదు, తంబురా కూడా లేదు. ఒక్క గొంతే. ప్రకృతి ఆ బలాన్ని ఇంత ఒంటరిగా పాడించిన చోటు మరొకటి లేదు.

ఆ పాటకు ఒక ఆకారం ఉంది. పిల్లలకు పలక మీద గీసి చూపిస్తే ఒక అబ్బాయి, “ఇది చెరువు లెక్కున్నది సార్” అన్నాడు. సరిగ్గా అదే. మన చెరువుల్లో ఎగువ నుంచి పొలాలు మెల్లగా వాలుతూ వస్తాయి. ఎక్కడ నీళ్ళు మొదలయ్యాయో చెప్పలేం. లోతంతా కట్ట దగ్గరే ఉంటుంది. ఆ లోతు పక్కనే కట్ట నిటారుగా లేస్తుంది. న్యూట్రాన్ల మధ్య బలం కూడా అంతే. మూడు ఫెర్మీల దగ్గర తడి తగులుతుంది, రెండు దగ్గర కాళ్ళు మునుగుతాయి, ఒకటి దగ్గర కొన్ని పదుల మెగా ఎలక్ట్రాన్ వోల్టుల లోతు (కేంద్రకాల లోకంలో శక్తిని కొలిచే ప్రమాణం ఇది). అర ఫెర్మీ దాటి ఇంకా దగ్గరికి పోబోతే కట్ట అడ్డొస్తుంది. అంతవరకూ రారమ్మని లాగిన బలమే అక్కడ తీవ్రంగా నెట్టేస్తుంది. ఆకర్షణనూ వికర్షణనూ రెండు బలాలుగా చూపించే పాఠాలు నాకు తృప్తినివ్వవు. ఒకే వాక్యం మొదట అనునయంగా వినిపించి, చివర క్రియాపదం దగ్గర నిషేధంగా మారినట్టు ఉంటుంది ఇది. తెలుగు వాక్యానికి ఆ సొగసు ఉంది. చివరి అక్షరం దాకా అవునో కాదో తేలదు.

ఆ లోతు ఎందుకు వచ్చిందో 1935లో జపాన్‌లో హిడెకి యుకావా చెప్పాడు. ఆయన ఊహించిన కణం, పయాన్, 1947లో విశ్వకిరణాల్లో దొరికింది. న్యూట్రాన్ తన చుట్టూ పయాన్లను క్షణకాలం పుట్టించి మళ్ళీ తనలో కలిపేసుకుంటూ ఉంటుంది. పక్కన ఇంకో న్యూట్రాన్ ఉంటే, ఇది పుట్టించినదాన్ని అది కలుపుకుంటుంది. పయాన్‌ను పుట్టించడానికి శక్తి అప్పు తేవాలి. అప్పు పెద్దదైతే గడువు చిన్నది. ఎలక్ట్రాన్‌కు 264 రెట్ల బరువున్న తటస్థ పయాన్‌కు దొరికే గడువులో అది పోగలిగిన దూరం సుమారు ఒకటిన్నర ఫెర్మీ. బలం అంత దూరమే వినిపించడానికి కారణం అది. దీన్ని ఇద్దరు పిల్లలు బంతి విసురుకోవడంతో పోలుస్తుంటారు. నాకు ఆ పోలిక రుచించదు. బంతి విసురుకునేవాళ్ళు వెనక్కి నెట్టుకుంటారే గానీ దగ్గరికి లాక్కోరు. ఇద్దరి మధ్యా ఎవరిదో తేలని ఒక మాట తిరుగుతూ ఉండటం, ఆ మాట వల్లే ఇద్దరూ దగ్గర కావడం అనుకుంటే నాకు కొంత నయంగా ఉంటుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ప్రోటాన్, న్యూట్రాన్ ఎదురుపడితే ఆవేశమున్న పయాన్‌ను కూడా ఇచ్చిపుచ్చుకోగలవు. అప్పుడు ప్రోటాన్ న్యూట్రాన్ అవుతుంది, న్యూట్రాన్ ప్రోటాన్ అవుతుంది. పగటివేషగాళ్ళు తెర చాటున వేషాలు మార్చుకున్నట్టు. న్యూట్రాన్ల జంటకు ఆ ఆట లేదు. ఒక న్యూట్రాన్ ఋణావేశపు పయాన్‌ను వదిలిందే అనుకోండి, రెండోది దాన్ని పుచ్చుకుని ఏమవ్వాలి? అలాంటి కణం ఆ కుటుంబంలో లేదు. అందుకని ఒక్క పయాన్‌తో నడిచే సంభాషణలో తటస్థ పయాన్ ఒక్కటే వీటికి మిగిలిన మాట. కొద్ది మాటలతోనే గడపాలి.

ఇక అసలు కథ. ప్రోటాన్, న్యూట్రాన్ కలిస్తే డ్యుటెరాన్ అవుతుంది, 2.2 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల బంధంతో నిలుస్తుంది. గండిపేట నీళ్ళలోనూ మన చెమట చుక్కలోనూ అది కొంచెం ఉంటుంది. రెండు న్యూట్రాన్ల మధ్య లాగే బలం, ఒకే స్థితిలో పోల్చి చూస్తే, ప్రోటాన్ న్యూట్రాన్ల మధ్య లాగే బలంతో దాదాపు సమానం. మధ్యలో విద్యుత్ గొడవ లేదు. మరి రెండు న్యూట్రాన్లు కలిసి ఒక్కటిగా నిలవాలి కదా? నిలవవు. అలాంటి కేంద్రకం ప్రపంచంలో లేదు.

ఎందుకు లేదంటే రెండూ ఒకేలా ఉన్నాయి కాబట్టి. కేంద్రక బలం కణాల స్పిన్‌ను, అంటే సొంత భ్రమణం లాంటి గుణాన్ని చూసి ప్రవర్తిస్తుంది. రెండు కణాల స్పిన్లు ఒకే దిక్కుకు తిరిగినప్పుడు గట్టిగా లాగుతుంది, ఎదురెదురుగా ఉన్నప్పుడు కొంచెం తక్కువగా. డ్యుటెరాన్ నిలబడేది ఒకే దిక్కు స్పిన్లతోనే. పౌలీ సూత్రం ఏమంటుందంటే, అచ్చంగా ఒకేలా ఉన్న రెండు కణాలు అంత దగ్గరగా, ఒకే దిక్కు స్పిన్లతో ఉండటానికి వీల్లేదు. వేరు వేరు కణాలైన ప్రోటాన్, న్యూట్రాన్లకు ఆ అభ్యంతరం లేదు. మన ఇళ్ళల్లో సంబంధాలు చూసేటప్పుడు మొదట అడిగే ప్రశ్న గుర్తుందా? గోత్రం. అన్నీ కుదిరి, ఈడూ జోడూ కుదిరి, మనసులు కూడా కలిసి, చివరికి ఇద్దరిదీ ఒకే గోత్రమని తేలితే మాటలు ఆగిపోతాయి. న్యూట్రాన్లది సగోత్రం. ఒకరి పట్ల ఒకరికి ఇష్టం లేక కాదు. క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యం అన్నాడు. ప్రకృతి రాసిన ఈ కావ్యంలో ఔచిత్యానికి పౌలీ సూత్రమని పేరు. అది ఎంత కఠినమో అంత అందమైనది. ఆ నియమమే లేకపోతే పరమాణువులో ఎలక్ట్రాన్లన్నీ ఒకే అరలో పడిపోయేవి. మూలకాల్లో ఇన్ని రకాలుండేవి కావు, నేనిలా రాసేవాణ్ణీ కాను.

సరే, గట్టిగా లాగే ఆ దారి మూసుకుపోయింది. ఎదురెదురు స్పిన్ల దారి తెరిచే ఉంది. అక్కడా ఆకర్షణ ఉంది. ఆ ఆకర్షణ చాలదు. ఎంత చాలదు? ఇక్కడే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. పదుల మెగా ఎలక్ట్రాన్ వోల్టుల లోతున్న ఆ చెరువులో, బంధం ఏర్పడటానికి తగ్గింది సుమారు 0.12 మెగా ఎలక్ట్రాన్ వోల్టు. అంతే. ఆ లాగుడు కాస్త బలపడి ఉంటే రెండు న్యూట్రాన్ల కేంద్రకం ఉండేది, మూలకాల చరిత్ర ఇంకోలా నడిచేది.

ఆ కొద్దిలో తప్పిపోయిన స్థితిని మిథ్యా స్థితి అంటారు. అద్దంలో కనబడే బొమ్మను మన పాఠ్యపుస్తకాలు మిథ్యా ప్రతిబింబం అన్నట్టే. పట్టుకోబోతే ఉండదు, చూడబోతే లేదనలేం. ఇప్పుడు ఆ సంఖ్య దగ్గరికి రండి. దాని పేరు పరిక్షేపణ దైర్ఘ్యం. చాలా నెమ్మదిగా వస్తున్న ఒక న్యూట్రాన్ అలకు ఎదుటి న్యూట్రాన్ ఎంత పెద్దదిగా తోస్తుందో చెప్పే పొడవు అది. గుర్తు ధనమైతే ఆ రెంటికీ బంధం ఉందన్నమాట, డ్యుటెరాన్‌కు అది ధన 5.4 ఫెర్మీలు. ఆకర్షణ ఉండి కూడా గుర్తు ఋణమైతే బంధం కుదరలేదని. బంధం అంచుకు ఎంత దగ్గరగా పోతే అంకె అంత పెరుగుతుంది, సరిగ్గా అంచు మీద అనంతమౌతుంది. కాబట్టి మైనస్ 18.9లో మైనస్ విరహం, 18.9 సామీప్యం. ఒకటిన్నర ఫెర్మీ దూరమే వినిపించే బలం గల కణం, తన ఒంటి కొలతకు పదింతలు పెద్దదిగా ఎదుటిదానికి తోస్తోంది. కలయిక తప్పిపోయినందువల్లే అంతగా విస్తరించింది. క్షేత్రయ్య నాయికలు గుమ్మంలో నిలబడి ఎదురుచూసే పదాల్లో ఇల్లూ వీధీ రాత్రీ అంతా ఆ ఎదురుచూపుతో నిండిపోయినట్టు అనిపించేది నాకు. స్వామి వచ్చేసిన పదాల్లో గది గదిలాగే ఉంటుంది. విప్రలంభాన్ని శృంగారానికి పరాకాష్ఠ అని మనవాళ్ళు ఎందుకన్నారో నాకు అర్థమైంది కావ్యాల్లో కాదు, ఈ అంకెలో.

మొయినాబాద్ నుంచి చేవెళ్ళ మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్ల వరస చూసినవాళ్ళకు ఈ సంగతి తెలుస్తుంది. తొమ్మిది వందల దాకా ఉంటాయంటారు. వాటిని కాపాడుకోవాలనే వాదన హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఆ చెట్లకు వేలాడే ఊడల్లో కొన్ని నేలలో దిగి మానులైపోయాయి. కొన్ని నేలకు జానెడు ఎత్తున ఆగి ఊగుతుంటాయి, కింద తారురోడ్డు గనక. నాటుకున్న ఊడ మానుగా మారి కదలదు. నాటుకోనిది గాలికి చుట్టూ బారెడు మేర తిరుగుతుంది. బస్సు కిటికీలోంచి ఆ ఊడల్ని చూస్తే నాకు మరో ఆలోచన రాదు. చేయి చాచి ఆగిపోయిన ఆ జానెడే 0.12, అది తిరిగే బారెడే 18.9.

మరి ఈ అంకె మనిషికి ఎలా తెలిసింది? ఇది కూడా రసానికి సంబంధించిన ప్రశ్నే. ఎందుకంటే రెండు న్యూట్రాన్లను ఎదురెదురుగా ఢీకొట్టించి ఎవరూ చూడలేదు. న్యూట్రాన్ల ముద్దను బల్ల మీద పెట్టుకుని దాని మీదికి న్యూట్రాన్లను వదలడం కుదరదు. కేంద్రకం బయట న్యూట్రాన్ సగటున 880 సెకన్లు, అంటే పావుగంటకు కాస్త తక్కువ బతికి, ప్రోటాన్‌గా, ఎలక్ట్రాన్‌గా, కంటికందని యాంటీ న్యూట్రినోగా విడిపోతుంది. ఆ విడిపోవడాన్నే బీటా క్షయం అంటారు.

బీటా అనగానే నా మనసు భీమవరం దగ్గరి గొరగనమూడికి పోతుంది. 1896లో అక్కడ భూపతిరాజు వారింట పుట్టిన లక్ష్మీనరసింహరాజు ఇల్లు విడిచి, హిమాలయాల్లో తపస్సు చేసి, స్వామి జ్ఞానానంద అయ్యాడు. జర్మనీ వెళ్ళాక ఆయన దృష్టి భౌతికశాస్త్రం మీదికి మళ్ళింది. ప్రాగ్‌లో ఎక్స్ కిరణాల మీద పనిచేసి, అక్కడి నుంచి లివర్‌పూల్ చేరి, జేమ్స్ చాడ్విక్ దగ్గర బీటా కిరణాల వర్ణపటాల మీద పరిశోధన చేశాడు. 1932లో న్యూట్రాన్‌ను కనిపెట్టిన చాడ్విక్కే! కాషాయం కట్టిన తెలుగు సన్యాసి, న్యూట్రాన్‌ను మొదట చూసినవాడి ప్రయోగశాలలో, కేంద్రకం లోపలి న్యూట్రాన్లు విడిపోతూ చిమ్మిన ఎలక్ట్రాన్లను కొలుస్తూ కూర్చున్నాడు. ఈ దృశ్యం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. తరువాత ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రక భౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టాడు. 1969లో పోయాడు. విశాఖలోని ఆ కేంద్రక పరిశోధనశాలకు ఆయన పేరే పెట్టారు. ఒకే తత్త్వాన్ని వెతుక్కుంటూ ఇల్లు వదిలిన మనిషికి, ప్రపంచంలోకెల్లా ఒంటరి కణాన్ని కనిపెట్టినవాడే గురువుగా దొరకడం కథకుడు కల్పిస్తే మనం నమ్మం.

చేతికి దొరకని ఆ కణాల జంటను వినే పద్ధతిని అలంకారికుల భాషలో ధ్వని అనాలి. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు చెప్పినది అదే కదా. అభిధతో చెప్పలేనిది, లక్షణతో అందనిది వ్యంజనతో పలుకుతుంది. గంట కొట్టాక మిగిలిన అనురణనంలా. డ్యుటెరాన్ మీదికి ఋణావేశపు పయాన్‌ను వదిలితే, అది డ్యుటెరాన్‌లో కలిసిపోయి రెండు న్యూట్రాన్లూ ఒక గామా కిరణమూ బయటికొస్తాయి. న్యూట్రాన్లు ఒకదాన్నొకటి పట్టించుకోకుండా పోతే గామా శక్తులు ఒక తీరుగా పరుచుకోవాలి. అలా పరుచుకోవు. గరిష్ఠ శక్తి దగ్గర, అంటే 131 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, ఒక శిఖరం లేస్తుంది. రెండు న్యూట్రాన్లూ ఒకే దిక్కుకు, దాదాపు ఒకే వేగంతో, పక్కపక్కన వెళ్ళిపోయినప్పుడే గామా అంత శక్తిని తీసుకుపోగలదు. విడిపోతూ కూడా చివరి క్షణం దాకా చేతులు వదలలేదన్నమాట. వెళ్ళిపోయిన ఆ జంటను చూసి కాదు, మిగిలిన వెలుగు ఒంపును చూసి ఈ సంగతి తెలుసుకున్నారు. స్విట్జర్లాండ్‌లోనూ, అమెరికాలో లాస్ అలమోస్‌లోనూ ఈ వెలుగునే చదివారు. అయస్కాంత గుణం వల్ల వచ్చే చిన్నపాటి వాటాను కూడా తీసేశాక మిగిలినదే మైనస్ 18.9, దశమాంశాల్లో కాస్త అటూ ఇటూగా. న్యూట్రాన్లతో డ్యుటెరాన్‌ను పగలగొట్టే మరో పద్ధతిలో డ్యూక్ విశ్వవిద్యాలయ బృందానికి దాదాపు అదే విలువ వస్తే, జర్మనీలో బాన్ బృందానికి మైనస్ 16 దగ్గర వచ్చింది. ఒకే పద్యానికి రెండు పాఠాంతరాలు. పరిష్కర్తలు ఇంకా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. నేను మొదటి పాఠం వైపే.

ఇద్దరికి కుదరనిది ముగ్గురికి కుదురుతుందా? కుదురుతుంది, అది ఈ కావ్యంలో రెండో సర్గ. లిథియం 9 అనే కేంద్రకం ఉంది. దానికి ఒక న్యూట్రాన్‌ను చేర్చండి, నిలవదు. రెండు న్యూట్రాన్లు విడిగా నిలవవని చూశాం. కానీ లిథియం 9ని, రెండు న్యూట్రాన్లను ఒకేసారి కలిపితే లిథియం 11 నిలుస్తుంది. దాని అర్ధ జీవిత కాలం తొమ్మిది మిల్లీసెకన్ల లోపే, కానీ కేంద్రకాల లోకంలో అది దీర్ఘాయువు. ముగ్గురిలో ఏ ఇద్దరికీ బంధం లేదు, ముగ్గురికీ ఉంది. 1985లో ఇసావో తనిహాతా బృందం బర్క్‌లీలో దాని పరిమాణం కొలిచినప్పుడు, పదకొండే కణాలున్న ఈ కేంద్రకం అసహజంగా పెద్దదని తేలింది. 208 కణాల సీసం కేంద్రకమంత చోటులో దాని అంచులు పరుచుకుని ఉన్నాయి. ఆ రెండు న్యూట్రాన్లూ ఎక్కువ కాలం బలం చేరని దూరంలోనే, పొగమంచులా తిరుగుతూ ఉంటాయి. బలం అందని చోట ఉండి కూడా ఆ బలానికి కట్టుబడి ఉండటం! దీనికి సరిపోయే అలంకారం ఏ శాస్త్రంలోనూ లేదని ఒప్పుకుంటున్నాను.

ఇలాంటి కేంద్రకాలకు పాశ్చాత్యులు ఇటలీలోని బొరోమియో వంశపు చిహ్నం పేరు పెట్టారు. మూడు ఉంగరాలు, ఏ ఒక్కటి తీసినా మిగతా రెండూ విడిపోతాయి. మాకు అంత దూరం పోనక్కర్లేదు. అరుగు మీద కూర్చున్న ఆ అమ్మాయి జడ చాలు. మూడు పాయల్లో ఏ రెంటినీ ఒకదానితో ఒకటి ముడివేయలేదు. ఒక పాయను లాగేస్తే మిగతా రెండూ జారిపోతాయి, మూడూ ఉంటే రోజంతా నిలుస్తుంది. ఈ పోలికను ఊరికే తోచి చెప్పలేదు. మూడు పాయల జడను ఆరు మెలికలు అల్లి, కొసలను మొదళ్ళతో కలిపితే అచ్చంగా ఆ మూడు ఉంగరాలే వస్తాయని గణితం చెబుతుంది. తెలుగు తల్లులు పొద్దున్నే బడికి పంపుతూ ఆడపిల్లల తలల మీద లిథియం 11ని అల్లుతున్నారు.

మూడో సర్గ ఆకాశంలో. చలికాలం మా మేడ మీద నుంచి చూస్తే తూర్పున కోకాపేట భవనాల వెలుగు ఆకాశాన్ని కాస్త తెల్లబరుస్తుంది. అయినా నడినెత్తికి వచ్చేసరికి కృత్తికలూ రోహిణీ బాగానే కనబడతాయి. వృషభం కొమ్ము కొస దగ్గర, కంటికి కనబడదు గానీ, క్రీ.శ. 1054లో చైనావాళ్ళు చూసిన నక్షత్ర విస్ఫోటనం మిగిల్చిన పీతాకార నీహారిక ఉంది. దాని నడుమ ఒక న్యూట్రాన్ నక్షత్రం సెకనుకు ముప్పై చుట్లు తిరుగుతోంది. సుమారు ఒకటి పక్కన 57 సున్నాలన్ని న్యూట్రాన్లు, ఇరవై, పాతిక కిలోమీటర్ల అడ్డుకొలతలో. ఇటు దొంతన్‌పల్లి, అటు చేవెళ్ళ, మొయినాబాద్ దాటితే దాని అంచు అన్నమాట. అంతమంది సగోత్రీకులు ఒకే గూట్లో ఎలా చేరారు? కేంద్రక బలం కలపలేదు. కలిపింది గురుత్వాకర్షణ, ఇందాక ముప్పై సున్నాల కింద నలిగిపోయిన ఆ నిరుపేద. దానికి ఒకే సుగుణం ఉంది. అది ఎప్పుడూ లాగుతుంది, ఎంత దూరమైనా లాగుతుంది, ఎవరినీ వదలదు. అంతమంది కూడినప్పుడు దాని ముందు ఏదీ ఆగదు.

అప్పుడు కేంద్రక బలం పాత్ర మారిపోతుంది. 1939లో ఓపెన్‌హైమర్, వోల్కాఫ్ న్యూట్రాన్ల మధ్య ఏ బలమూ లేదనుకుని లెక్కవేస్తే, సూర్యుడి బరువులో 0.7 వంతు దాటిన న్యూట్రాన్ నక్షత్రం కూలిపోవాలని వచ్చింది. కానీ ఆకాశంలో సూర్యుడికి రెండింతల బరువున్నవి కనబడుతున్నాయి. 2021లో కొలిచిన ఒకదాని బరువు 2.08 సూర్యులు. ఆ తేడా ఎవరు మోస్తున్నారు? చెరువు కట్టే. అర ఫెర్మీ దగ్గర నిటారుగా లేచిన ఆ వికర్షణ, ముగ్గురు దగ్గరైనప్పుడు మాత్రమే పలికే మూడు న్యూట్రాన్ల బలంతో కలిసి, నక్షత్రాన్నంతా భుజాన మోస్తోంది. దగ్గరికి రావద్దన్నదే కూలిపోకుండా కాపాడింది. ఇంకో వింత. నక్షత్రం పైపొరల్లో న్యూట్రాన్లు కాస్త పలచగా ఉన్న చోట, ఆ చాలీచాలని ఆకర్షణే వాటిని ఎదురెదురు స్పిన్ల జంటలుగా కడుతుంది. ఏకాంతంలో కుదరని జంట గుంపులో కుదిరింది. ఆ జంటల ద్రవం ఏ ఘర్షణా లేకుండా ప్రవహిస్తుంది. వేలా పల్సార్ అనే న్యూట్రాన్ నక్షత్రం 1969లోనూ, ఆ తర్వాత ఎన్నోసార్లూ ఉన్నట్టుండి కాస్త వేగం పుంజుకోవడం ఆ ద్రవం చలవేనంటారు. వెయ్యి కాంతిసంవత్సరాల దూరంలో ఒక నక్షత్రం అడుగు తడబడి సర్దుకుంటే, అది మైనస్ 18.9 పలికిన పలుకే.

ఇవన్నీ ఆ అమ్మాయికి ఒక్క సాయంత్రంలో చెప్పలేదు. నాలుగైదు ఆదివారాలు పట్టింది. చివరి వారం నాలుగు న్యూట్రాన్ల సంగతి చెప్పాను. 2022లో ప్రచురించిన ప్రయోగం అది. జపాన్‌లోని రికెన్‌లో హీలియం 8 కేంద్రకాన్ని ప్రోటాన్ మీదికి తోలి, దాని నడిమి గుండెను, నాలుగు కణాల గట్టి ముద్దను, ఒక్క దెబ్బతో బయటికి తన్నేశారు. నాలుగు న్యూట్రాన్లు ఉన్నపాటున దిక్కులేనివై మిగిలాయి. అవి వెంటనే చెదిరిపోవాలి. కానీ 2.37 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక శిఖరం లేచింది. దాని వెడల్పును బట్టి చూస్తే, సెకనును కోటి భాగాలు చేసి, అందులో ఒకదాన్ని మళ్ళీ కోటి చేసి, దాన్ని మళ్ళీ కోటి చేస్తే మిగిలేదానిలో సగం కన్నా తక్కువ కాలం ఆ నాలుగూ ఒకచోట ఉన్నాయి. అది నిజంగా ఒక కూటమా, లేక రెండు జంటలు పక్కపక్కగా వెళ్ళిపోతూ వదిలిన నీడా అన్నది పండితుల మధ్య ఇంకా తేలలేదు.

చీకటి పడుతోంది. అమ్మాయి పుస్తకాలు సర్దుకుంటూ, జడ కొస వేలికి చుట్టుకుంటూ అడిగింది. “అయితే సార్, ఆ కొంచెంసేపు అవి కలిసున్నట్టా, ఇడిపోతున్నట్టా?”

“రెండో కప్పు టీ అయ్యాక చెప్తా బిడ్డా, కూసో” అన్నాను. అందరం మళ్ళీ కూర్చున్నాం.